శ్రీనాథుని కలిమిలేములు



మాచర్లలో చంద్రవంక యొడ్డున వెలసిన చెన్నకేశవస్వామిని సేవింపనివారు మనలో నుండరు. చైత్రమాసపు తిరునాళ్లకు పూర్వము ఎడ్లబండ్లు గట్టుకొని వచ్చెడివారు. నేడు మోటారు బండ్లలో వచ్చుచున్నారు. ఆ స్వామికి అంకితమైన గ్రంథమొకటి తెలుగువారికి గలదు. అదియే పల్నాటి వీరచరిత్రము. బ్రహ్మనాయుని, నాగమ్మను, బాలచంద్రుని గూర్చి వినని బిడ్డ ఈ సీమలో లేడు గదా. ఆ కథను ద్విపదగా రచించినవాడు కవిసార్వభౌముడైన శ్రీనాథుడని ప్రసిద్ధి. 1911వ సంవత్సరమున అక్కిరాజు ఉమాకాంతముగారు ఆ గ్రంథమును అచ్చువేయించిన పిమ్మట ఆ ప్రసిద్ధి మఱింత వ్యాపించినది.

ఇందొక విశేషము గలదు. శ్రీనాథుడు తన కావ్యములను మంత్రులకు, వర్తకులకు, రాజులకు అంకితమిచ్చిన కవి. పుచ్చుకొన్నవారు ఆతనికి ధనమిచ్చిరి, పట్టుబట్టలిచ్చిరి, పరిమళద్రవ్యములిచ్చిరి. మాచర్ల చెన్నుడు మాత్రము టంకములిచ్చు దాత కాడు. అయినను ఆ దాతల పేళ్లు పండితులకు దక్క తెలియవు; చెన్నుని కథ మాత్రము గొడ్లకాపరికిని తెలియును. ఈ తారతమ్యమును మనసున నుంచుకొని నా మాట ఆలకింపగోరుచున్నాను.

నేడు నేను విన్నవింపబోవునది శ్రీనాథుని కవిత్వమును గూర్చి కాదు. ఆతని రాబడిని, ఆతని బాకీని గూర్చి. పద్యము చెప్పి బ్రదికిన మనుజునికి ధనమెచ్చటినుండి వచ్చినది? ఎట్లు పోయినది? తుదకు పన్ను చెల్లింపలేక నడివీధి ఎండలో నిలువవలసిన దుర్గతి ఆతనికేల పట్టినది? ఈ ప్రశ్నకు మనవారు ఒక్క మాటలో బదులు చెప్పుదురు: “భోగి, దాచుకొనుట యెఱుగడు, అనుభవించినాడు.” ఆ బదులు సగము నిజము. తక్కిన సగమును మీ ముందు పెట్టుటకే ఈ ప్రసంగము.

శ్రీనాథుడు 14వ శతాబ్ది కడపట పుట్టి, 15వ శతాబ్ది నడుమదాక జీవించినవాడు. తాత కమలనాభామాత్యుడును కవియే. తండ్రి మారయ, తల్లి భీమాంబ. పసితనముననే మరుత్తరాట్చరిత్రమును, పడుచువయసున శాలివాహన సప్తశతిని చెప్పెను. ఆ రెండును నేడు దొరకవు. పిమ్మట హర్షుని నైషధమును తెనిగించి మామిడి సింగనామాత్యునకు అంకితమిచ్చెను. దానితో ఆతని పేరు తెలుగుదేశమంతట మ్రోగినది.

అప్పటికి కొండవీటిని రెడ్డిరాజులు ఏలుచుండిరి. కొండవీడు మనకు దూరము కాదు. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోనిదే. 1402 మొదలు 1420 వఱకు అచట పెదకోమటి వేమారెడ్డి రాజ్యము చేసెను. ఆతని కొలువులో శ్రీనాథుడు విద్యాధికారి. అనగా పండితులను పరీక్షించుట, దానశాసనములు రచించుట ఆతని పని. వేమారెడ్డి రాణి సూరాంబ త్రవ్వించిన సంతానసాగరమను చెఱువును గూర్చి ఫిరంగిపురమున 1409వ సంవత్సరపు శాసనమున్నది. దాని శ్లోకములు శ్రీనాథుడు చెప్పినవి. రాణి చెఱువు త్రవ్వించినది; కవి ఆ పుణ్యమును రాతిపై నిలిపినాడు. చెఱువు పంటకు, శాసనము కీర్తికి. రాచకొలువులో కవికి గల పని ఇట్టిది.

ఆ రాజ్యమునకు ధనమెచ్చటిది? రైతుల పన్ను ఒకటి. ఓడరేవు సుంకము రెండవది. మోటుపల్లి రేవునకు వచ్చు పరదేశ వర్తకులకు అభయమిచ్చుచు అనపోతారెడ్డి 1358లో వేయించిన శాసనము నేటికిని కలదు. ఆ సముద్రవ్యాపారమున పేరుగన్నవాడు అవచి తిప్పయసెట్టి. ఆతనికి శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చెను. పంజారునుండి కర్పూరపు చెట్లు, సింహళమునుండి ఏనుగులు, హురుముంజినుండి గుఱ్ఱములు, భోటదేశమునుండి కస్తూరి, చీనానుండి పట్టుబట్టలు ఆ సెట్టిగారి ఓడలలో దిగెడివని ఆ కావ్యమే చెప్పుచున్నది. కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చినదియు ఆ యింటివారే.

అయ్యా, ఇట్టివారి సరసన బ్రదికిన కవి జొన్నసంకటి తిని, ముతకబట్ట గట్టి తిరుగునా? తిరిగినచో ఆతనిని ఏ ద్వారపాలకుడు లోనికి బోనిచ్చును? కవిసార్వభౌముడు సభలోనికి వచ్చునప్పుడు సార్వభౌముని వలెనే రావలెను. వెంట శిష్యులుండవలెను, ఒడలిపై పట్టుశాలువ యుండవలెను. నాగలి కొయ్యకు ఖర్చు పెట్టిన రైతును దుబారా మనిషి యందుమా? కవికి ఆ పట్టుశాలువయే పనిముట్టు. ఆతని భోగములో కొంత సరదా యుండవచ్చును. కొంత మాత్రము వృత్తికి పెట్టుబడి. ఇది మనవారు లెక్కలోనికి తీసికొనని మొదటి సంగతి.

కొండవీటి వైభవము నిలువలేదు. పెదకోమటి వేమారెడ్డి పిదప రాచవేమారెడ్డి వచ్చెను. ఈతడు బిడ్డ పుట్టిన ఇంటిపై పురిటిసుంకము వేసెననియు, ఆ బాధ సైపలేక సవరము ఎల్లడు అనువాడు ఆతనిని పొడిచి చంపెననియు ఐతిహ్యము. 1424 ప్రాంతమున ఆ రాజ్యము కూలినది. పన్నుల దాహమున కూలిన కొలువులో శ్రీనాథుడు సుఖించిన మాట నిజమే. పన్ను పెట్టువారి ప్రక్కన కూర్చున్న ఆ కవి, కడపట పన్ను కట్టలేనివారి వరుసలో నిలిచినాడు. విధి చేసిన ఈ మార్పును మఱవరాదు.

కొలువు పోయిన కవి దేశములు పట్టెను. విజయనగరమున ప్రౌఢదేవరాయలు 1424 మొదలు 1446 వఱకు రాజ్యమేలెను. ఆ ఆస్థానమున గౌడడిండిమభట్టను మహాపండితుడుండెను. ఆతని ముందు కంచుఢక్క మ్రోయుట బిరుదు చిహ్నము. శ్రీనాథుడు ఆతనితో వాదించి గెలిచి, ఆ ఢక్కను పగులగొట్టించి, కవిసార్వభౌమ బిరుదము నందెను. రాయలు ముత్యాలశాలలో ఆతనికి కనకాభిషేకము చేయించెను. కనకాభిషేకమనగా ఏమి? గద్దెపై కూర్చుండబెట్టి, నీళ్లు పోసినట్లు తలపై బంగారు నాణెములు పోయుట. ఆ నాణెముల పేరు దీనారములు, టంకములు. ఈ టంకమను మాటను జ్ఞాపకముంచుకొనుడు. ఈ కథలో అది మఱల వచ్చును.

తరువాత రాజమహేంద్రవరపు రెడ్డిరాజుల చెంత చేరెను. మంత్రి బెండపూడి అన్నయకు భీమేశ్వరపురాణమును, రాజు వీరభద్రారెడ్డికి కాశీఖండమును అంకితమిచ్చెను. తెలుంగురాయని కస్తూరి యిమ్మని పద్యముతో అడిగి పుచ్చుకొనెనందురు. విస్సనమంత్రి పంక్తిలో బంగారు పళ్లెరమున భుజించెనందురు. ఒకచోట బంగారము, ఒకచోట బట్ట, ఒకచోట భోజనము. ఈ విధముగా ఒక్కొక్క దాత ఒక్కొక్క కొఱత తీర్చుచుండెను.

ఈ రాబడి స్వభావమును మీబోటి వ్యవసాయదారులు నాకంటె బాగుగా గ్రహింపగలరు. పొలమిచ్చు రాబడి చిన్నది. కాని ఏటేట వచ్చును. తండ్రి పోయినను కొడుకునకు వచ్చును. దాత యిచ్చు రాబడి ఒక్కసారి కుండపోతగా వచ్చును. మఱల ఎప్పుడు వచ్చునో ఆ దాత మనసే యెఱుగును. దాత పోయెనా, దానితో సరి. చెఱువు లేని ఊర పడిన గట్టివాన వంటిది ఆ సంపద. వాన చాలకపోలేదు, నిలుపుటకు కట్ట లేకపోయినది. శ్రీనాథుడు ఎన్ని టంకములు తెచ్చెనని లోకము లెక్కపెట్టినది. ఏ టంకము ఏటేట ఫలమిచ్చు వస్తువుగా మాఱినదని అడిగినవారు తక్కువ.

ఇక పల్నాటికి ఆతడు వచ్చిన కాలపు ముచ్చట. ఈ సీమను గూర్చి ఆతడు చెప్పిన చాటువులని మన తాతలు నవ్వుచు చదివెడి పద్యములు మీకు కంఠస్థములే. రసికుడైనవాడు పల్నాడు పోరాదట. ఇచట రంభయైనను ఏకులు వడకవలసినదే. రాజైనను నాగలి పట్టవలసినదే. మన్మథుడైనను జొన్నకూడు కుడువవలసినదే. సన్నబియ్యపు కూటికి అలవాటుపడిన నాలుకకు జొన్న సహింపలేదు. దప్పిక గొని నీరు దొరకక, పరమశివునితోనే జగడమాడెనట. కలిగినవాడు ఎందఱు భార్యలనైన పోషించును, బిచ్చమెత్తువానికి ఇద్దఱేల? పార్వతి చాలును, గంగను మాకు విడువుమని అడిగెనట.

ఆతడు మనలను పరిహసించెనని మనవారు కోపగింపలేదు. ఆ పద్యములను దాచుకొనిరి. దప్పిక నిజమగుటచేత కోపము రాలేదు. గంగ కాకున్నను కృష్ణ మనకు దిగివచ్చుటకు అయిదువందల యేండ్లు పట్టినది. మాచర్లకు చేరువనే నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగష్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. మెట్టపల్లెలు కొన్ని నేటికిని మబ్బు మొగము చూచుచునేయున్నవి. ఆ పల్లెలలో శ్రీనాథుని పద్యము ఇంకను పాతబడలేదు.

ఆ చాటువునందలి ఒక మాటను మాత్రము మనసున బెట్టుకొందము. ఇచట రాజైనను దున్నునని ఆతడు నవ్వెను. కాలము మాఱినది. తానే దున్నవలసి వచ్చినది.

15వ శతాబ్ది నడుమ కపిలేశ్వర గజపతి సేనలు కళింగమునుండి దక్షిణమునకు దిగినవి. రాజమహేంద్రవరపు రెడ్డిరాజ్యము పోయినది. కొండవీడును గజపతుల చేజిక్కినది. తెలుగు కవిని ఎఱిగిన ప్రభువులు పోయి, ఆతని పేరే వినని అధికారులు వచ్చిరి. వారికి శ్రీనాథుడు కవిసార్వభౌముడు కాడు. పన్ను పుస్తకములో ఒక పేరు. వయసు మీఱినది. కొత్త దాత లేడు. అప్పుడాతడు కృష్ణయొడ్డున బొడ్డుపల్లె యను ఊర భూమిని గుత్తకు పట్టెను.

గుత్త యనగా మీకు నేను వివరింపవలసిన పని లేదు. పండినను, ఎండినను, ఏఱు కొట్టుకొనిపోయినను ఇంతని ముందుగా ఒప్పుకొన్న మొత్తము చెల్లింపవలెను. పాలికి చేసినచో భూస్వామియు రైతును లాభనష్టములను పంచుకొందురు. సంగోరులో పది బస్తాలు పోయిన అయిదే రైతువి. గుత్తలో పదియు రైతువే. ఏట్లో వఱద పెరిగినచో ప్రభువు సొమ్ము తడియదు. నదియొడ్డు లంకభూమి చూచుటకు నల్లగా నిగనిగలాడుచుండును. కొత్తవానిని అదే మోసగించును. ఊరివాడైనచో ఏ యేట ఏఱు ఎంతదాక వచ్చెనో తండ్రితాతల నడిగి తెలిసికొని దిగును. శ్రీనాథుడు పుట్టురైతు కాడు.

ఆ యేట కృష్ణ పొంగి పైరును కొనిపోయినది. మిగిలిన నువ్వులను, పెసలను పిట్టలు తినిపోయినవి. ప్రభుత్వమునకు చెల్లింపవలసిన గుత్త ఏడునూఱు టంకములు.

అవును, టంకములే. ముత్యాలశాలలో తలపై నీళ్లవలె పోసిన నాణెమే బొడ్డుపల్లె బాకీలో లెక్కకు వచ్చినది. ఆనాడు రాయలు ఎన్ని పోసెనో ఎవ్వరును ఎంచలేదు. ఎంచుట మర్యాద కాదు. ఈనాడు అధికారి ఒక్కటియు విడువక ఎంచినాడు; విడుచుట ఆతని ధర్మము కాదు. దానమునకు లెక్క లేదు. బాకీకి మన్నింపు లేదు.

బాకీదారులను శిక్షించు పద్ధతి ఆ కాలమున దారుణమైనది. కవి మెడకు పొగడదండ యను కొయ్యదండ తగిలించిరి. చేతులకు వెదురుగొడియ బిగించిరి. కాళ్లకు సంకెలలు వేసిరి. నగరివాకిటి నల్లగుండును భుజముపై నెక్కించి ఎండలో నిలిపిరి. ఏ మెడను రాజులు హారములతో సత్కరించిరో ఆ మెడకే ఆ దండ. ఏ పాదములు సభలలో కంబళ్లపై నడచెనో వానికే ఆ సంకెల.

ఇవన్నియు మనకు చాటుపద్యములవలననే తెలియుచున్నవి. చాటువులు గ్రంథములోనివి కావు. జనుల నోళ్ల నిలిచినవి. కావున వానిని కచ్చేరీ కాగితములుగా గాక, ఊరి పెద్దల సాక్ష్యముగా స్వీకరింపవలెను. ఊరి సాక్ష్యము అంకెలలో తప్పవచ్చును. అన్యాయము జరిగిన తెఱగును తఱచుగా తప్పదు. ఆ పద్యమున కవి ఏట్లో పోయిన పంటను చెప్పి, పిట్టలు తిన్న గింజలను చెప్పి, పిదప బాకీ మొత్తమును చెప్పినాడు. నష్టమునకు కారణము, నష్టము, చెల్లింపవలసినది. ఈనాడు పంట పోయిన కౌలురైతు అర్జీ వ్రాసుకొన్నను ఈ మూడు మాటలే వ్రాయును గదా.

తుదిఘడియలో చెప్పెనను పద్యమొకటి గలదు. దానిలో తనను పోషించిన దాతలను ఒక్కొక్కరిని పేరున తలచుకొనెను. వీరారెడ్డి పోయెను, ఇక పట్టుబట్ట లెవ్వరిత్తురు? మైలారు ప్రభువు పోయెను, దినవెచ్చ మెవరు తీర్తురు? విస్సనమంత్రి పోయెను, బంగారు పళ్లెరమున అన్నమెవరి పంక్తిలో? ఈ విధముగా చెప్పి, ఇక కలియుగమున నుండుట కష్టమని, స్వర్గమందలి కవుల గుండెలు దిగ్గురనునట్లు అచటికి పోవుచున్నానని ముగించెను. గుండుమోసిన భుజము పొగరు దింపలేదు. అది ఆతని ఘనత. అయినను ఆ పద్యమును లెక్కల పుస్తకముగా చదువుడు. అందులో నున్నవన్నియు మనుష్యుల పేళ్లే. ఆతని ఆస్తి యావత్తును ప్రాణమున్న మనుష్యులలో నుండెను. వారు పోగా ఆస్తి పోయినది.

ఇది పాతకాలపు ముచ్చట యని తోసివేయవలదు. ఇదే పల్నాట, మాచర్లకు కూతవేటు దూరమున రెంటచింతలలో, 1904 మార్చి 28వ తేదీన మఱియొక గాయకుడు పుట్టెను. చిత్తూరున నాటకములాడి ఆ ఊరి పేరుతో ప్రసిద్ధుడగుటచే మనవాడని మనమే మఱచితిమి. ఆయనయే చిత్తూరు నాగయ్యగారు.

నాగయ్యగారు 1938లో గృహలక్ష్మితో చలనచిత్రములకు వచ్చిరి. 1942లో భక్తపోతన, 1946లో త్యాగయ్య, 1947లో యోగివేమన. పాటయు నటనయు ఒక్కరే; త్యాగయ్యకు నిర్మాతయు, దర్శకుడును ఆయనయే. జనులు తెరకు హారతులిచ్చిరి. దక్షిణదేశమున లక్షరూపాయల పారితోషికము గొన్న మొదటి నటుడని ఆయనను చెప్పుదురు. ఆ కాలపు లక్ష యెంతటిదో మీలో వయోవృద్ధులకు తెలియును.

పోతన రాజునకు భాగవతము నమ్ముకొననివాడు. త్యాగయ్య తంజావూరు రాజు ధనమును తిరస్కరించినవాడు. వేమన సర్వమును వదలినవాడు. ధనమును వలదన్నవారి వేషములు గట్టి నాగయ్యగారు ధనమార్జించిరి. ఆర్జించిన దానిని వేషములోని మనుష్యులవలెనే పంచిపెట్టిరి. మద్రాసులో ఆయన యింట వచ్చినవారికెల్ల భోజనము. మిగిలినది సొంత చిత్రములలో పెట్టిరి. 1953లో నా ఇల్లు, పిదప భక్తరామదాసు. ఆ రామదాసు తెరకెక్కునప్పటికి 1964 వచ్చినది. గోల్కొండ నవాబు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, బాకీకి చెఱబడిన భక్తుని కథ అది. ఆ కథను తీయుటలో తీసినవారే అప్పులపాలైరి. 1965లో ప్రభుత్వము పద్మశ్రీ యిచ్చినది. ఆ వెనుకటి యేండ్లలో, ఒకనాడు లక్ష గొన్న ఆ మహానటుడు చిన్నచిన్న తండ్రి, తాత వేషములు స్వల్పధనమునకు వేసి బ్రదికెను. 1973 డిసెంబరు 30వ తేదీన మద్రాసులో కన్నుమూసెను. పిమ్మట అచటి పానగల్ పార్కులో విగ్రహము నిలిపిరి. బ్రదికినన్నాళ్లు వెచ్చమునకు కొఱత. పోయిన పిదప కంచు విగ్రహము!

శ్రీనాథునికి దాత ఒక్కరొక్కరు. నాగయ్యగారికి దాత టిక్కెట్టు కొన్న లోకమంతయు. కాని తెఱగు ఒక్కటే. కుండపోత వచ్చినది, కట్ట లేదు. ఒకరు పోషించుటకు అలవాటుపడి చెడిరి. ఒకరు పోషింపబడుటకు అలవాటుపడి చెడిరి. ఇద్దఱును తమది కాని వ్యాపారములో దిగి మునిగిరి. కవికి గుత్త, గాయకునికి చిత్రనిర్మాణము. ఇద్దఱిని మెచ్చినవారు వేలకొలది; ఆ దినములలో ప్రక్కన కూర్చుండి “అయ్యా, ఈ లెక్క యొకసారి చూతము” అన్నవారుండిరని కథలు చెప్పవు.

దీనికి ఎదురుగా మనయూరి చిత్రమొకటి చూపి ముగించెదను. కార్తిక అమావాస్యనుండి అయిదు దినములు కారెంపూడిలో వీరుల తిరునాళ్లు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఈ దినముల పేళ్లు మీకు తెలియనివి కావు. అచట వీరవిద్యావంతులు కథ పాడుదురు. వారికి నేర్పినది గురుపరంపర. కనకాభిషేకము వారెన్నడు నెఱుగరు. విన్న ఊరివారు పెట్టిన ధాన్యము, ఇచ్చిన బట్ట, చేతిలో పెట్టిన చిల్లర. ఇదియే వారి రాబడి. దానిలో భోగము లేదు, కొఱతయు తఱచు. అయినను ఇచ్చువాడు ఒక్కడు కాడు, ఊరు. రాజు చచ్చును, ఊరు చావదు. ఒక యింట పంట పోయిన ఏట మఱియొక యింట గింజ యుండును. అందుచేతనే కొండవీడు కూలినను, విజయనగరము కూలినను కారెంపూడి పాట ఆగలేదు. జీన్ రోగేర్ అను అమెరికా పండితుడు ఇచటికి వచ్చి, విద్యావంతుని నోట ఆ కథ విని, శబ్దగ్రహణ యంత్రములో పట్టి, 1982లో ఇంగ్లీషున గ్రంథముగా ప్రకటించెను. టంకములు తడిమి చూడని ఆ గొంతు సముద్రములు దాటినది.

వారి బీదతనమును నేను పొగడుట లేదు. బీదతనము ఎవ్వరికిని భూషణము కాదు. నా మనవి యిది. మన ఊర పాడువాడు, హరికథ చెప్పువాడు, నాటకమాడువాడు ఎవడైనను ఉన్నచో, తిరునాళ్లనాడు ఒక్క శాలువ కప్పి, ఏడాదియంతయు మఱచుట దానము కాదు. అది మన వేడుక. ఆతని బిడ్డల చదువునకో, ఆతని వార్ధకమునకో ఊరుమ్మడిని ఏటేట ఇంతని ఏర్పఱుచుట దానము. అట్లే మన పొలమును కౌలుకిచ్చునప్పుడు, ఏఱు కొట్టుకొనిపోయిన యేట మొత్తము గుత్త పిండకుండుట ధర్మము. ఆ ధర్మము బొడ్డుపల్లె అధికారికి తోచలేదు. ఆతని పేరు నేడెవ్వరికిని తెలియదు. ఆతడు కవి భుజముపై నెక్కించిన గుండు మాత్రము అయిదువందల యేండ్లుగా ఆ పద్యములో దిగక నిలిచియున్నది.

ఈసారి చెన్నకేశవుని గుడికి పోయినప్పుడు, ద్వజస్తంభమునకు మ్రొక్కిన పిదప ఒక్క క్షణము ఆ కవిని తలచుకొనుడు. ఆతని బాకీ మనము తీర్పలేము. మన ఊరిలో మఱియొకనికి అట్టి బాకీ రాకుండ చూచుకొనగలము.